పాపయ్య కోతిని సదస్సుకు తీసుకెళ్లిన రోజు

ఉదయం ఐదున్నరకే పాపయ్య స్నానం చేసి, దేవుడి పటాల ముందు దీపం పెట్టి, ఆ రోజు చేయాల్సిన నాలుగు పనులను మనసులో వరుసగా చెప్పుకున్నాడు. ఏడింటికి కోతికి మత్తుసూది వేయాలి. ఎనిమిదింటికి పక్కింటి మునికుమార్ ఆటోలో పుంగనూరు నుంచి మదనపల్లెకు బయల్దేరాలి. పదకొండింటికి సదస్సులో పది నిమిషాలు మాట్లాడాలి. ఒంటిగంటకు అటవీశాఖ జీపులో కుప్పం వైపు పోయి, సాయంత్రం ఐదులోగా కోతిని అడవిలో వదిలిపెట్టాలి. ఈ నాలుగింటిలో అతన్ని భయపెట్టింది మూడోది ఒక్కటే. ఆ రోజు జరగకుండా పోయింది కూడా అదొక్కటే.

పాపయ్య పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. రెక్క విరిగిన గుడ్లగూబనో, కుక్కలు కరిచిన నెమలినో ఎవరో ఒకరు గోనెసంచిలో వేసుకుని అతని ఇంటికే తెచ్చేవారు. మదనపల్లెలో ఉండే డాక్టర్ శాలిని చెప్పిన పద్ధతిలో వాటిని బాగుచేసి, అటవీశాఖ వాళ్ల అనుమతితో మళ్లీ అడవిలో వదిలేవాడు. ఈ కోతి వచ్చి పద్నాలుగు నెలలైంది. సోమల దగ్గర ఒక టమోటా తోటకు చుట్టిన కరెంటు తీగను పట్టుకుంది. ఎడమచేతి వేళ్లు మూడు తీసేయాల్సి వచ్చింది.

కోతిని అప్పగించేటప్పుడు శాలిని మూడు షరతులు పెట్టింది. పేరు పెట్టకూడదు, ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు, దానితో మాట్లాడకూడదు. మనిషికి అలవాటుపడిన కోతి అడవిలో బతకదు. పాపయ్య మూడు షరతులూ పాటించాడు. అతని భార్య చెంగమ్మ ఒక్కటీ పాటించలేదు. భర్త అంగడికి పోయిన సమయం చూసుకుని, బోను దగ్గర కూర్చుని, "నాయనా, తిందువు రా" అని రాగిసంగటి ముద్దలు చేసి పెట్టేది. పాపయ్యకు ఆ సంగతి తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు.

"ఇదో, ఈణ్ణి బోనులో సావనీయొద్దు" అని ఒకరోజు అంది చెంగమ్మ. "అడివిలో ఇడ్సిపెట్టి రా. సెట్టెక్కినాడా లేదా అని వచ్చి నాకు సెప్పాల."

ఆ మాటన్న వారానికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, గుండెల్లో మంటగా ఉందంది. పాపయ్య గ్యాసు మాత్ర ఇచ్చి, కాసేపు పడుకో, తగ్గిపోతుంది అన్నాడు. చెంగమ్మ పడుకుంది. మళ్లీ లేవలేదు. అది జరిగి పది నెలలు. ముప్పై ఏళ్లు పశువులకు మందులిచ్చిన చేతికి ఆ ఒక్క పొద్దు ఎందుకు తెలియలేదని పాపయ్య రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడుగుతాడు. కోపంగా కాదు. తెలుసుకుందామని అడుగుతాడు.

అటవీశాఖ ఇచ్చిన కాగితం ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. ఆ సాయంత్రంలోగా వదలకపోతే, వేళ్లు లేని జంతువు కాబట్టి, దాన్ని బతికినంతకాలం జంతుప్రదర్శనశాలలో ఉంచాలని అందులో రాసి ఉంది. పాపయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, పక్కింటివాళ్లకు కూడా కనబడేంత జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

ఇనుప బోను ఆటోలో పట్టదు. అందుకని రెండు టమోటా క్రేట్లు తెచ్చి, ఒకదానిమీద ఒకటి బోర్లించి, తాళ్లతో కట్టాడు. మత్తులో ఉన్న కోతిని అందులో పడుకోబెట్టి, వెలుతురు పడకుండా చెంగమ్మ పాత ఆకుపచ్చ చీర కప్పాడు. పక్కింటి మునికుమార్ ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు.

"ఏమన్నా, టమోటాలు ఏ మండీకి?"

"మాటలు తగ్గించి గుంతల్లో మెల్లగా పోనీప్పా. ఆయన ఇప్పుడే నిద్రపోయినాడు."

"మా ఇంటిదానికి గూడా అట్లాంటి సూది ఒకటి రాసీన్నా, పండక్కి ఊరికి పోయేటప్పుడు అవసరం పడతాది" అన్నాడు మునికుమార్. పాపయ్య నవ్వలేదు. చెంగమ్మ పోయినప్పటినుంచి అతను నవ్వడమూ లేదు, ఏడవడమూ లేదు.

సదస్సు మదనపల్లెలో, పుంగనూరు రోడ్డులో ఉన్న ఒక కల్యాణమండపంలో. గాయపడిన అడవి జంతువులను బాగుచేసేవాళ్లు బెంగళూరు నుంచి, చెన్నై నుంచి, తిరుపతి నుంచి ఎనభై మంది దాకా వచ్చారు. మండపం యజమాని వరదరాజులుకు టమోటా మండీ ఉంది, శనివారం భజన బృందం ఉంది, కోతులంటే పడని తత్వం కూడా ఉంది. మేడ మీద ఉండేలు పట్టుకున్న ఒక మనిషిని, కోతులను తోలడానికే, నెలజీతానికి పెట్టుకున్నాడు. ఆయన గేటు దగ్గరే పాపయ్యను ఆపాడు.

"జంతువుల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండప్పా, నేను వద్దన్లేదు. జంతువు మాత్రం గడప దాటకూడదు. రేపు ఈడ పెండ్లి ఉండాది."

"మత్తులో ఉండాడు సార్. ఒక మూలన పెట్టుకుంటా."

"ఆ మూలేదో ఎనకపక్క సూసుకో."

అలా క్రేట్లు వంటశాల వెనక వసారాలోకి పోయాయి. పదింటికి చీర కింద ఏదో కదిలింది. పాపయ్య ఎత్తి చూస్తే కోతి సగం కళ్లు తెరిచి ఉంది. శాలిని రాసిచ్చిన చీటీలో, పదింటికి కదిలితే సగం డోసు అని ఉంది. ఆమె చేత్తో రాసిందే అయినా పాపయ్య రెండుసార్లు చదివి, సగం సూది వేసి, చీర కప్పి, పేరు నమోదు చేయించుకోవడానికి ముందుకు పోయాడు.

అక్కడ మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దానిమీద డాక్టర్ పాపయ్య అని ఉంది. లేనిది మెడలో వేసుకోవడం పాపయ్యకు చేతకాలేదు. "కాంపౌండర్ అని మార్చమ్మా" అన్నాడు. ఆ మాట ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ముగ్గురు చర్చించారు. ప్రింటరు మొరాయించింది. డాక్టరు పోయి కాంపౌండరు రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

ఆ ఇరవై ఐదు నిమిషాల్లో, ఎనభై మందికి రసం పెట్టాల్సిన పూలమ్మ టమోటాల కోసం వసారాలోకి వచ్చింది. మదనపల్లెలో టమోటా క్రేటు కనబడితే లోపల టమోటాలు ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. పూలమ్మ తాళ్లు విప్పి, పై క్రేటు ఎత్తి, ఒకటి తీసుకుందామని చీర కింద చెయ్యి పెట్టింది. చల్లగా ఒక చెయ్యి తగిలింది. ఆ చేతికి రెండే వేళ్లున్నాయి.

పూలమ్మ అరవలేదు. చేతులు కడుక్కుని, కొంగు భుజాన కప్పుకుని, లోపలికి పోయి పసుపు కుంకుమ తెచ్చింది. మిగిలిన వంటవాళ్లను పిలిచింది.

"రాండమ్మా. స్వామి పోయినాడు. ఒళ్లంతా సల్లబడిపోయుండాది. పొయ్యి ఆర్పేయండి."

ఆ ప్రాంతంలో కోతి చనిపోతే ఎవరూ పక్కకు లాగి పారేయరు. ఆంజనేయస్వామి అని పూలు వేసి, భజన చేసి, మనిషికి చేసినట్టే మట్టి చేస్తారు. పాపయ్య తిరిగొచ్చేసరికి కోతి నుదుట బొట్టుంది. తల దగ్గర అగరుబత్తీలు వెలుగుతున్నాయి. ఏడుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు.

"ఏమ్మా ఇది. సావలేదు. మత్తుసూది వేసినాను. నిద్రపోతాండాడు" అన్నాడు పాపయ్య.

పూలమ్మ అతని మొహం చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నువ్వేనా నాయనా పెంచింది. కన్నోళ్లకైనా అట్లే అనిపిస్తాది. కూసో, కొంచిం నీళ్లు తాగు."

కబురు వరదరాజులుకు చేరింది. ఆయన పరుగున వచ్చి చూసి చెమటలు తుడుచుకున్నాడు. రేపు పెండ్లి. ఈ రోజు మండపంలో ఆంజనేయుడు ప్రాణం విడిచాడు. ఈ సంగతి సరిగా జరిపించకపోతే ఇక మీదట ఆ మండపంలో తాళి కట్టడానికి ఎవడు వస్తాడు.

"స్వామిని బయట పెట్టినారేందప్పా. ఎవుడు పెట్టింది ఈడ?"

"మీరే గదా సార్ గడప దాటకూడదంటిరి" అన్నాడు పాపయ్య.

"నేను జంతువు అంటిని. ఈయన జంతువా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

పది నిమిషాల్లో కోతి గడప దాటింది. వేదిక మీద, ముఖ్య అతిథి కోసం వేసిన పెద్ద కుర్చీలో పట్టుగుడ్డ పరిచి పడుకోబెట్టారు. రేపటి పెండ్లికి తెచ్చిన చామంతులు ఈ రోజే విప్పారు. పెండ్లికి మాట్లాడుకున్న డప్పులవాళ్లు ఈ రోజే వచ్చారు. భజన బృందం తాళాలతో దిగింది. కప్పి ఉన్న పాత చీరను ఎవరో తీసి మూలకు వేస్తే, పాపయ్య దాన్ని తెచ్చుకుని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

పొద్దున మేడ మీద నుంచి రాళ్లు విసిరిన ఉండేలు మనిషి కూడా దిగివచ్చి, ఉండేలు నడుముకు దోపుకుని, రెండు చేతులూ జోడించి ఒక పక్కన నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు నిజమైనవే. అదే పాపయ్యకు అర్థం కాలేదు.

సాక్షి ఒకడున్నాడని అతనికి గుర్తొచ్చింది. ఆటోలో కునుకు తీస్తున్న మునికుమార్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు.

"మునీ, నువ్వన్నా సెప్పప్పా వీళ్లకి. నిద్రపోతాండాడని నేను పొద్దున నీతో అన్లేదా?"

మునికుమార్ వేదిక వైపు చూశాడు. కదలని కోతిని చూశాడు. తర్వాత పాపయ్యను చూసి తల దించుకున్నాడు. వరదరాజులును ఒక పక్కకు పిలిచాడు. మెల్లగా మాట్లాడుతున్నానని అతను అనుకున్నాడు గానీ, డప్పులకు మించి వినబడాలని గట్టిగానే మాట్లాడాడు.

"ఆయన మాట పట్టించుకోవద్దన్నా. పోయినేడు వదిన పోయినప్పుడు గూడా ఇంతే. రెండు గంటలసేపు ఎవుర్నీ మంచం కాడికి రానీలేదు. మాత్రిచ్చి పడుకోబెట్టినాను, నిద్రపోతాండాది, సప్పుడు సేయొద్దండి అని గడపకడ్డంగా కూసున్నాడు. మేమంతా సెప్పులిడిసి బయటే నిలబడితిమి. నాడి సూసినాను, కొట్టుకుంటాండాది అంటాడు. కాంపౌండరు గదా, మేము గూడా కొంచిం సేపు నమ్మితిమి. ఆమికి పిడికెడు మట్టి గూడా ఆయన ఏయలేదన్నా. నేనే ఏసినాను."

అప్పటికి డప్పులవాళ్లు వాయించడం ఆపేశారు. ఆ మాటలు అందరూ విన్నారు. ఆ తర్వాత పాపయ్యను ఎవరూ కాదనలేదు, ఎవరూ ఎదురు చెప్పలేదు. అతను నిద్రపోతున్నాడు అన్నప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి అతని వీపు నిమిరారు. గట్టిగా చెబితే ఇద్దరు వచ్చి నిమిరారు.

పాపయ్య శాలినికి ఫోన్ చేశాడు. ఆమె ముఖ్య అతిథిని తీసుకురావడానికి అంగళ్లు అనే ఊరి దాకా పోయింది. అతను మాట మొదలుపెట్టేసరికి డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

"డప్పులు వినిపిస్తున్నాయి అంకుల్" అంది శాలిని సంతోషంగా. "స్వాగతం ఇంత బాగా ఏర్పాటు చేస్తారని అనుకోలేదు. దారిలో ఉన్నాం, వచ్చేస్తున్నాం" అని పెట్టేసింది.

సదస్సుకు వచ్చింది నిపుణులే కదా అని పాపయ్య వాళ్లను ఆశ్రయించాడు. ఒకాయన, తనకు తెలిసింది పాములేనని, పాము అయితే ఈపాటికి చెప్పేవాణ్ణని అన్నాడు. ఒకావిడ గబ్బిలాల మీద పన్నెండేళ్లు పని చేసింది. చివరికి బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు స్టెతస్కోపు తీసుకుని వేదిక ఎక్కాడు. కోతి గుండె మీద పెట్టి, నాలుగు డప్పులూ ఎనిమిది జతల తాళాలూ మోగుతుండగా, చాలాసేపు విన్నాడు.

"ఏమీ వినిపించడం లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

వేదిక కింద అందరూ తల మీద చెయ్యి పెట్టుకున్నారు. అప్పుడు నిపుణులకు తమ బాధ్యత గుర్తొచ్చింది. అడవి జంతువు చనిపోతే కోసి చూసి, కారణం రాసి, అటవీశాఖకు పంపాలని నియమం. పది మంది దాకా అదే మాట అన్నారు. ఒకామె అప్పటికే చేతికి రబ్బరు తొడుగులు వేసుకుంది.

"స్వామిని కోస్తారా? నా మండపంలో?" అన్నాడు వరదరాజులు. "ఎవుడు కత్తి పడతాడో పట్టమను సూస్తాం."

"చట్టం ఉందండీ."

"మీ సట్టం బయట పెట్టుకోండి. గుంట తవ్వుతాండారు మావోళ్లు."

నిజంగానే మండపం వెనక చింతచెట్టు పక్కన జేసీబీ గుంట తవ్వుతోంది. ఒక పక్క కత్తి, ఒక పక్క గుంట. రెండు పక్షాలూ అరగంటసేపు వాదించుకున్నాయి. కోతి బతికే ఉండొచ్చన్న మూడో మాట ఒకటి ఉందని, దాన్ని చెబుతున్న మనిషి మధ్యలోనే నిలబడి ఉన్నాడని ఎవరికీ తోచలేదు. పాపయ్య జేబులోని కాగితం చెమటకు తడిసింది. టైము పన్నెండు దాటింది.

గొడవ చల్లారాలని ఎవరో రెండు నిమిషాల మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. డప్పులు ఆగాయి. తాళాలు ఆగాయి. జేసీబీ కూడా ఆగింది. స్టెతస్కోపు పెట్టి వినడానికి ఆ రోజు మొత్తంలో అంతకంటే మంచి సమయం లేదు. కానీ పెద్ద డాక్టరు కూడా కళ్లు మూసుకుని, తల వంచి నిలబడి ఉన్నాడు.

కళ్లు మూసుకోనిది పాపయ్య ఒక్కడే. అతను వేదిక ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, కోతి ముక్కు దగ్గర రెండు వేళ్లు పెట్టాడు. వెచ్చగా, సన్నగా ఏదో తగిలింది. ఊపిరి. బతికే ఉన్నాడు.

ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ రోజు చెంగమ్మ ముక్కు దగ్గర కూడా ఈ రెండు వేళ్లే పెట్టాడు. అప్పుడు కూడా సరిగ్గా ఇలాగే తగిలింది. వెచ్చగా, సన్నగా. రెండు గంటలసేపు తగులుతూనే ఉంది. లేని ఊపిరిని తెచ్చి తగిలించే వేళ్లు ఇవి. వీటిని ఇప్పుడెలా నమ్మాలి. పొద్దున ఒక సూది వేసింది తనే. పదింటికి సగం వేసింది తనే. ఆ రోజు మాత్ర ఇచ్చి పడుకోమన్నదీ తనే. ఇంతమంది ఒక మాట అంటున్నారు. ఆ రోజూ ఇంతమంది ఒకే మాట అన్నారు. వాళ్ల మాటే నిజమైంది.

మౌనం ముగిసింది. వాదనలో వరదరాజులు గెలిచాడు. కోతిని చెక్కపలక మీద పెట్టి, డప్పుల వెనక ఊరేగింపుగా చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయారు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి, పెద్ద అటవీ అధికారి, కారు దిగాడు. డప్పులు, పూలు, ఎదురుగా ఇంతమంది జనం. ఆయన మొహం విప్పారింది. ఎవరో స్వామికి వేయమని చేతికి దండ అందించబోతే, ఆయన వినయంగా మెడ వంచాడు. ఇచ్చేవాడు కూడా మొహమాటానికి మెడలోనే వేశాడు. వెనక శాలిని కారు పక్కన పెట్టి, గుంపు తోసుకుని రావడానికి ప్రయత్నిస్తోంది.

గుంటలో ఉప్పు, విభూతి, పూలు వేసి కోతిని దించారు. మొహం తప్ప అంతా పసుపు గుడ్డ కప్పారు.

"పెంచినోడు నువ్వే. మొదటి పిడికెడు నువ్వే ఏయాల" అన్నాడు వరదరాజులు. ఆ మాట ఆయన మెత్తగానే అన్నాడు.

మునికుమార్ దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. "అన్నా, చేతకాకపోతే నేనేస్తా."

"వద్దప్పా" అన్నాడు పాపయ్య. "ఆ పొద్దు గూడా నువ్వే ఏస్తివి. ఈ పొద్దు నేనేస్తా."

అతను వంగి మట్టి తీసుకున్నాడు. జేసీబీ పైకి తెచ్చిన మట్టి, తడిగా, చల్లగా ఉంది. పిడికిలి తెరవలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"సెంగమ్మ పోయింది మునీ" అన్నాడు. "పోయింది. గుండెల్లో మంటంటే గ్యాసు మాత్రిచ్చినా నేను. పడుకోమన్నా. నిద్రపోలేదు ఆమి. పడుకున్న కొంచిం సేపటికే పోయింది. నాకు తెలుసు. ఆ గడపలో కూసున్నప్పుడే తెలుసు."

పది నెలలుగా ఆగింది ఒక్కసారిగా వచ్చింది. చీర మొహానికి అడ్డం పెట్టుకుని, ఎనభై మంది నిపుణులు, ఒక భజన బృందం, మెడలో దండతో ఒక అధికారి చూస్తుండగా, పాపయ్య గట్టిగా ఏడ్చాడు. పూలమ్మ ఏడ్చింది. ఏ కోతి, ఏ చెంగమ్మ అని అడగకుండానే చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చారు. డప్పు కొట్టేవాడు కర్ర కింద పెట్టాడు. కాసేపటికి పాపయ్య కళ్లు తుడుచుకుని, నమస్కారం పెట్టి, పిడికెడు మట్టి గుంటలో వేశాడు.

మట్టి ముక్కులో పడి కోతి తుమ్మింది.

ఎవరూ కదల్లేదు. కోతి ఇంకోసారి తుమ్మింది. పసుపు గుడ్డ పక్కకు లాగి, లేచి కూర్చుని, చుట్టూ పైన వరుసగా కనబడుతున్న మొహాలను ఒక్కొక్కటే చూసింది. తర్వాత మెడలోని చామంతి దండలోంచి ఒక పువ్వు తుంచి నోట్లో వేసుకుంది. పొద్దుటినుంచి దానికి తిండి లేదు.

జనం వెనక్కి తగ్గారు. కొందరు పరుగెత్తారు, కొందరు కింద పడి దండం పెట్టారు. కోతి తూలుతూ గుంట అంచు ఎక్కబోయింది. మత్తు దిగని కోతి రోడ్డు మీదికి పోతే లారీ కింద పడుతుంది. పాపయ్య గుంటలోకి దూకి, చేతిలోని ఆకుపచ్చ చీర దాని మీద వేశాడు. భయంతో కిచకిచలాడిన కోతి, ఆ చీర ముక్కుకు తగలగానే, గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని ముడుచుకుని కూర్చుంది.

అప్పటికి శాలిని గుంట దాకా రాగలిగింది. జరిగింది ఏమీ తెలియదు కాబట్టి మొదట గడియారం చూసుకుంది.

"సగం డోసు పదింటికేనా అంకుల్ ఇచ్చింది? పన్నెండున్నరకు లేవాలి. రెండు నిమిషాలు ఆలస్యం, ఫరవాలేదు. కానీ గుంటలో ఎందుకున్నారు మీరు?"

వరదరాజులు తేరుకుని పైగుడ్డ నడుముకు చుట్టాడు. "ఇంగ స్వామి యాడికీ పోడు. నా మండపంలో లేచినాడు, ఈడనే ఉంటాడు. గుడి కట్టిస్తా. ఇత్తడి బోను సేయిస్తా. రోజూ పాలు, పండ్లు."

"ఇత్తడిదైనా బోను బోనే సార్" అన్నాడు పాపయ్య గుంటలోంచి. జేబులోంచి తడిసిన కాగితం తీసి ముఖ్య అతిథికి అందించాడు. "ఐదింటికి ఈయన కుప్పంలో ఉండాల. మీ ఆఫీసు కాగితమే."

ముఖ్య అతిథి దండ తీసేసి కాగితం చదివాడు. అది తన సంతకమే. జీపు తెమ్మన్నాడు.

క్రేట్లు జీపులోకి ఎక్కించేటప్పుడు మునికుమార్ పక్కకు వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది. ఏదో అడగాలని, అడగలేక, తాడు కట్టిందే మళ్లీ కట్టాడు.

"అన్నా, నువ్వు నిద్రపోతాండాడంటే మేమెవురూ నమ్మలేదు. అయితే, ఆ పొద్దు వదిన గూడా…"

పాపయ్యకు ఆ ప్రశ్న ఎంత దూరం పోతుందో అర్థమైంది. ఈ మనిషి దాన్ని ఇంటికి తీసుకుపోతే బతికినంతకాలం నిద్రపోడు. పాపయ్య ఆ తాడు అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"లేదప్పా" అన్నాడు. "ఆ పొద్దు మీరు చెప్పిందే నిజం. నువ్వు మట్టేసింది సరైన పనే. నేను చేయాల్సింది నువ్వు చేసినావు."

కుప్పం దగ్గర అడవి అంచుకు చేరేసరికి నాలుగూ నలభై. శాలిని, ముఖ్య అతిథి, మరో ఇద్దరు జీపు దగ్గరే నిలబడ్డారు. పాపయ్య క్రేట్లు మోసుకుని నాలుగడుగులు లోపలికి పోయి తాళ్లు విప్పాడు. కోతి కాసేపు కదల్లేదు. చీరను ఒకసారి వాసన చూసింది. దూరంగా కొమ్మల్లో ఏదో గుంపు అలికిడైంది. మెడలోని దండ దారం తెగి చామంతులు రాలుతుండగా, అది పరుగెత్తి, మూడు కాళ్లతో బాగానే, నాలుగో దానితో కొంచెం తడబడుతూ, ఒక పెద్ద చెట్టెక్కింది. వెనక్కి చూడలేదు. చూడకూడదనే కదా పద్నాలుగు నెలలు దానితో మాట్లాడనిది.

పాపయ్య చీర మీది మట్టి దులిపి, మడత పెట్టి, గుండెకు ఆనించుకున్నాడు.

"సెట్టెక్కినాడు" అని చెప్పాడు.

ఆ రోజు సదస్సులో అతను మాట్లాడాల్సిన పది నిమిషాలు ఎవరికీ గుర్తు రాలేదు. మండపంలో పెండ్లి మరునాడు బాగానే జరిగింది. తవ్విన గుంటను ఖాళీగా పూడ్చకూడదని వరదరాజులు ఆ దండలు, పట్టుగుడ్డ అందులోనే వేయించి, పైన ఒక రాయి నిలబెట్టి సింధూరం పూయించాడు. శనివారం శనివారం ఆ రాయికి వడమాల వేస్తున్నారు. ఉండేలు మనిషి ఇప్పుడు మేడ మీద ఉండడం లేదు, ఆ రాయి పక్కనే కూర్చుంటున్నాడు, వడల కోసం వచ్చే కోతులను తోలడానికి.